ఘాట్ ఎక్కే ముందు సబ్బునీళ్లు

2022 సెప్టెంబరులో తిరుపతి నుంచి తిరుమలకు ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులు మొదలయ్యాయి. వీటిలో కమాన్ పట్టీల బదులు గాలి నింపిన రబ్బరు బెలూన్లు బరువు మోస్తాయి. కొండ మలుపుల్లో కుదుపు తగ్గింది, సంతోషమే.

రాత్రి తిన్నగా నిలిపిన బస్సు తెల్లారేసరికి ఒక పక్కకు ఒరిగిందంటే ముందుగా అనుమానించాల్సింది ఆ వైపు గాలి లీకేజీనే. గాలి నింపే కంప్రెసర్ మాటిమాటికీ తిరగడం మరో గుర్తు. సబ్బునీళ్లు పూస్తే బుడగలే చోటు చూపిస్తాయి: పైపు జాయింటో, లెవెలింగ్ వాల్వో, బెలూన్ మడతో. జాయింటైతే చవక పని. మడత పగిలిన రబ్బరుకు పంక్చరు అతుకు పనికిరాదు, మార్చాల్సిందే.

బ్రేకులకూ గాలిచ్చేది అదే కంప్రెసర్. మధ్యలో బ్రేకు గాలిని కాపాడే రక్షణ వాల్వు ఉంటుంది, నిజమే. దాని భరోసాతో లీకున్న బస్సును కొండ కింద అలిపిరి దాటించడం మాత్రం సరికాదు. ఫిర్యాదు వచ్చేదాకా ఆగకుండా ఈ సబ్బునీళ్ల పరీక్షను డిపో తనిఖీ జాబితాలో చేర్చాలి. బస్సు కిందికి దూరే ముందు ఛాసిస్‌కు స్టాండ్లు పెట్టాలనీ అందులోనే రాయాలి. గాలి దిగితే బండి మెకానిక్ మీదికే దిగుతుంది.