వైద్యవిద్యార్థులు - సెల్‌ఫోను పాఠములు

వైద్యకళాశాలలలో ఉపన్యాసశాలలు సగము ఖాళీగా నుండుటయు, విద్యార్థులు వసతిగృహములలో సెల్‌ఫోను ముందిడుకొని పాఠములు వినుటయు జూచి పెద్దలు కోపించుచున్నారు. యువకులు సోమరులైరని వారి తీర్పు. ప్రతివాదిని విచారింపక చెప్పిన తీర్పు నిలువదు.

విద్యార్థి చెప్పునదేమి? శరీరధర్మశాస్త్రమో, ఔషధశాస్త్రమో ఫోనులో వినునప్పుడు బోధపడని భాగమును నాలుగుమార్లు మరల వినవచ్చును. నూటయేబదిమంది గూర్చున్న శాలలో, తెరపై యక్షరములను జదివి వెడలిపోవు నధ్యాపకుని మరల చెప్పుమని యడుగుటెట్లు? తెలుగుబడినుండి వచ్చి ఆంగ్లమున తడబడు పల్లెటూరి బాలున కీ సౌకర్యము చిన్నది కాదు. చందా కట్టగలిగిననే సుమా! ఈ పాఠములలో పెక్కులు వేలరూపాయలకు విక్రయింపబడుచున్నవి.

ఆ విద్యార్థియే శవచ్ఛేదనశాలను, రోగిమంచమును ఫోనులోనికి మార్చుదమన్నచో నంగీకరింపడు. 2020 మార్చిలో కళాశాలలు మూతపడినప్పు డా లోపము వానికి తెలిసివచ్చినది. గుండెచప్పుడులోని భేదమును చెవి నేర్వవలెను. ఉబ్బిన కాలేయపు టంచును వ్రేళ్లు నేర్వవలెను. చైనాలో చదువుచు స్వదేశమునకు వచ్చి చిక్కుకొన్న మన తెలుగు పిల్లలు చాలకాలము తెరమీదనే వైద్యము చదివిరి. కేవలము ఆన్‌లైనున చదివిన వైద్యవిద్యను గుర్తింపజాలమని జాతీయ వైద్య కమిషను 2022 ఫిబ్రవరిలో ప్రకటించెను. నియమము న్యాయమైనదే. దాని బరువు మాత్రము అప్పుచేసి జీతములు గట్టిన తండ్రులపై బడినది. 2023 మార్చిలో సుప్రీముకోర్టు కడపటి తరగతివారికి పరీక్షవ్రాయ నొక్క యవకాశము గల్పించిన పిదపగాని వారిలో కొందఱికి దారి కనబడలేదు.

నిబంధనలు ఉపన్యాసములకు నూటికి 75, ఆచరణశిక్షణకు 80 హాజరు కోరుచున్నవి. హాజరు వేయించుకొని బల్లక్రింద ఫోను జూచువానివలన నెవరికి లాభము? మంచి యుపన్యాసమును ఫోనులో విననిండు. మిగిలిన గంటను ఆసుపత్రి వార్డులో గడపనిండు. ఇదియే మా సలహా.

మా భయము వేఱు. అధ్యాపకులను నియమింపకుండుటకు ప్రభుత్వములకు ఫోను మంచి సాకు కాగలదు. 2023లో ఆంధ్రప్రదేశమున విజయనగరము, రాజమహేంద్రవరము, ఏలూరు, మచిలీపట్నము, నంద్యాలలందు ఐదు ప్రభుత్వ వైద్యకళాశాలలు వెలసినవి. విద్యార్థి చేయి తప్పుచోట నొత్తినపుడు దానిని సరియైన చోటికి జరుపువా రచ్చట నెందఱు గలరు? ఎన్ని యధ్యాపకపదవులు నిండినవో, ఎన్ని ఖాళీలో కళాశాలవారీగా ప్రభుత్వము ముందు ప్రకటించునుగాక. ఫోను పాఠముల హద్దులు పిమ్మట చర్చింతము.