రెండు కోర్లు ఉన్నాయా? అయితే పనులు ఇలా పంచండి

మాది తిరువూరు దగ్గర నెమలి. వేణుగోపాలస్వామి గుడి ఉన్న ఊరంటే చాలామందికి తెలుస్తుంది. బోరు మోటారును ఫోన్‌తో ఆన్, ఆఫ్ చేసే బాక్సు ఒకటి సొంతంగా తయారు చేసుకున్నాను. ఈఎస్‌పీ32 బోర్డు, సిమ్ వేసే జీఎస్ఎం మాడ్యూల్, రిలే, కరెంటు సెన్సార్. అంతే!

టేబుల్ మీద అన్నీ బాగానే పనిచేశాయి. తోటలో పెట్టాక ఒకరోజు బోరులో నీళ్లు తగ్గి మోటారు ఉత్తగా తిరిగింది. డ్రై రన్‌ను పట్టుకునే కోడ్ ఉంది. కానీ అప్పుడు నా లూప్, మెసేజ్ వెళ్లక మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తూ అక్కడే ఇరుక్కుంది. నీళ్లు లేనప్పుడు మోటారు తీసుకునే కరెంటు తగ్గుతుంది కాబట్టి స్టార్టర్‌లోని ఓవర్‌లోడ్ రిలే కూడా పడలేదు. రీవైండింగ్ ఖర్చు నా జేబుకే. తప్పు బోర్డుది కాదు, నాది.

మరి ఏ పద్ధతి బెటర్?

చాలామంది ఇచ్చే సలహా "ఫ్రీఆర్‌టాస్ వాడు, పనికో టాస్క్ పెట్టు" అని. నేను ఒప్పుకోను. చిన్న ప్రాజెక్టులో ఎనిమిది టాస్కులు పెడితే ప్రతిదానికీ వేరే స్టాక్ మెమరీ కావాలి. ఒకే వేరియబుల్‌ను ఇద్దరు మార్చితే వచ్చే బగ్ రోజుకోసారి కనిపించి మాయమవుతుంది. దాన్ని పట్టుకోవడం మామూలు తలనొప్పి కాదు.

నా లెక్క ఇది. ముందు ఒకటే ప్రశ్న వేసుకోండి: ఏ పని ఆలస్యమైతే నష్టం? దానికి ఒక కోర్ వదిలేయండి. ఆలస్యమైనా ఫర్వాలేదనుకున్న మెసేజ్, డిస్‌ప్లే, వైఫై అన్నీ రెండో కోర్‌కి. ఒక్కో కోర్‌లో డిలే లేకుండా మిల్లిస్‌తో టైమ్ చూసుకునే మామూలు లూప్ చాలు. రెండింటి మధ్య మాట ఒక క్యూ ద్వారానే నడవాలి.

ఈఎస్‌పీ32ని ఆర్డునోలో వాడితే ఫ్రీఆర్‌టాస్ ఎలాగూ లోపల నడుస్తూనే ఉంటుంది. వైఫై పని కోర్ 0లో, మీ లూప్ కోర్ 1లో. కాబట్టి మోటారు కాపలాను కోర్ 1లో ఉంచి, జీఎస్ఎం కోసం కోర్ 0లో ఒక్క టాస్క్ పెడితే సరి. 2021లో వచ్చిన రాస్‌ప్‌బెర్రీ పై పికో ఇంకా సింపుల్. దాని ఆర్‌పీ2040 చిప్‌లో రెండు కోర్ల మధ్య మాట్లాడుకోవడానికి హార్డ్‌వేర్ ఫైఫోలే ఉన్నాయి, ఒక్కోవైపు ఎనిమిది మాటలు పడతాయి. కొనేముందు పేరు మాత్రం సరిగ్గా చూడండి. ఈఎస్‌పీ32-సీ3లో ఉన్నది ఒకటే కోర్.

అయితే ఫ్రీఆర్‌టాస్ పూర్తిగా దండగా? కాదు. ఎదురుచూసే పనులు మూడు, నాలుగు అయి, వాటిలో ఏది ముందో తేల్చాల్సి వస్తే అదే దారి. అవసరం వచ్చాక వెళ్లండి, ఫ్యాషన్ కోసం కాదు.

చివరగా ఒక టెస్ట్. మోటారు బదులు బల్బు పెట్టి, జీఎస్ఎం యాంటెన్నా పీకేసి, సెన్సార్ వైరు తీయండి. అనుకున్న టైమ్‌లో బల్బు ఆరిపోతేనే ఆ బాక్సును పొలానికి తీసుకెళ్లండి. నేను ఆ పని రీవైండింగ్ తర్వాత చేశాను. మీరు ముందే చేయండి.