ఊకనే

2024 ఆగస్టులో నాగార్జునసాగర్ గేట్లు ఎత్తారు. మా అమ్మ నల్లగొండలో బస్సెక్కి, ఒక్కతే వెళ్లి చూసొచ్చింది. అరవై దాటిన మనిషి. పెళ్లయ్యాక నాన్నో, మామయ్యో, నేనో పక్కన లేకుండా ఊరు దాటడం అదే మొదటిసారి. ఆ సాయంత్రం ఫోన్ చేసి చెప్పింది. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట: "ఏం పనుండె అమ్మా అక్కడ?"

"ఏం పనిలేదు బిడ్డా. ఊకనే పోయొచ్చిన."

నీళ్లెట్లా ఉన్నాయని నేను అడగలేదు. చెప్పకుండా వెళ్లినందుకు కాస్త కోప్పడ్డాను కూడా.

ఆ రోజుల్లోనే ఒక వీడియో తెగ తిరిగింది. ఉచిత బస్సులో కూర్చుని ఆడవాళ్లు వెల్లుల్లి ఒలుస్తున్నారు. మా అపార్ట్‌మెంట్ గ్రూపులోకీ వచ్చింది. పనీపాటా లేక బస్సులెక్కి తిరుగుతున్నారని దానికింద వ్యాఖ్యలు. నేనూ ఒక నవ్వు బొమ్మ పెట్టాను. తర్వాతెప్పుడో తట్టింది: పని లేదని మనం వెక్కిరించిన ఆ మనిషి, బస్సులో కూడా ఇంటిపనే చేస్తోంది కదా!

2023 డిసెంబర్ 9న తెలంగాణలో మహాలక్ష్మి పథకం మొదలైంది. 2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీశక్తి వచ్చింది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ బస్సుల్లో ఆడవాళ్లకు జీరో టికెట్. దీనిమీద చదువుకున్నవాళ్ల అభ్యంతరం దాదాపు ఒకటే: "మా పన్నులతో వీళ్లు ఊరికే తిరుగుతున్నారు."

సరే, లెక్కే మాట్లాడుకుందాం. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పీవీ ఎక్స్‌ప్రెస్ వే ఉంది. ప్రజల డబ్బుతో కట్టిందే. టోల్ లేదు. బైకుల్ని కూడా ఎక్కనివ్వరు. అర్ధరాత్రి నిద్ర పట్టక, కేవలం ఒక చాయ్ కోసం, దానిమీద శంషాబాద్ దాకా కారులో వెళ్లొచ్చిన రాత్రులు నాకు చాలా ఉన్నాయి. ఏం పని మీద వెళ్తున్నావని ఎవరూ అడగలేదు. నా మీద ఎవరూ వీడియో తీయలేదు. పన్ను కట్టేవాళ్ల బాధ నిజమైతే, అది నా చాయ్ దగ్గరెందుకు మొదలుకాలేదు?

డబ్బు ఒక సాకు. అసలు గొడవ ఆ 'ఊరికే' దగ్గర ఉంది. ఆడమనిషి ఆస్పత్రికి వెళ్లొచ్చు, పురుడు పోయడానికి వెళ్లొచ్చు, చావుకి వెళ్లొచ్చు, మొక్కు తీర్చుకోవడానికి వెళ్లొచ్చు. ఊరికే మాత్రం వెళ్లకూడదు. మన భాషనే చూడండి. ఊళ్లు తిరిగే మగవాడు సంచారి. రాహుల్ సాంకృత్యాయన్ పేరు చెప్పి దేశదిమ్మరితనం గురించి మనం పేజీలకు పేజీలు రాసుకుంటాం. అదే ఆడమనిషైతే తిరుగుబోతు. బజారు మనకు సరుకులు తెచ్చుకునే చోటు. 'బజారుది' అంటే తిట్టు. గడప దాటడం, వీధిన పడడం, రోడ్డెక్కడం... ఇన్ని మాటల్లో ఒక్కటైనా ఆడవాళ్ల విషయంలో మంచి అర్థంతో వాడామా?

2018 జూన్ 24న సౌదీ అరేబియాలో ఆడవాళ్లు కారు నడపడం మీద నిషేధం తీసేశారు. మా ఆఫీసు కాంటీన్‌లో ఆ దేశాన్ని చూసి తెగ నవ్వుకున్నాం. మన దగ్గర అలాంటి చట్టం లేదు, నిజమే. కానీ మా ఇంట్లో కారు తాళం తగిలించుకునే కొక్కెం నాది. మా ఆవిడకు లైసెన్సు ఉంది, చేతిలో స్కూటీ ఉంది. ఇద్దరం కలిసి బయల్దేరితే స్టీరింగ్ ముందు కూర్చునేది ఎవరన్న చర్చ ఇన్నేళ్లలో ఒక్కసారీ రాలేదు. చట్టమైతే ఒక తేదీ పెట్టి రద్దు చేయొచ్చు. దీన్నెవరు రద్దు చేయాలి?

"భద్రత మాటేంటి?" అంటారు. 2019 నవంబర్‌లో శంషాబాద్ దగ్గర ఆ ఘోరం జరిగాక, ఆర్టీసీలో పనిచేసే ఆడవాళ్లకు రాత్రి డ్యూటీలు వేయొద్దని అప్పటి ప్రభుత్వం చెప్పింది. అంటే రాత్రి బస్సులో కనిపించి ధైర్యమిచ్చే ఆ ఒక్క కండక్టరమ్మను కూడా ఇంటికి పంపేయడమే పరిష్కారమైంది. ఆడవాళ్లు ఎంత తగ్గితే రోడ్డు మిగిలిన ఆడవాళ్లకు అంత భయపెట్టేదవుతుంది. బస్సు నిండా ఆడవాళ్లుండడం ఇబ్బంది కాదు, అదే భద్రత.

పథకంలో లోపాల్లేవని కాదు. ఆటోవాళ్ల గిరాకీ పడిపోయింది, వాళ్ల బాధ నిజం; ప్రభుత్వం వాళ్లకు జవాబు చెప్పాలి. బస్సులు చాలడం లేదు. బస్సులు పెంచమని అడగాలి, ఆడవాళ్లు తగ్గాలని కాదు. ఇక్కడి చిరునామా ఉన్న గుర్తింపు కార్డు ఉంటేనే జీరో టికెట్. ఒడిశా నుంచి ఇటుకబట్టీ పనికి వచ్చిన ఆమె మాత్రం డబ్బు పెట్టి కొనుక్కోవాలి. ఇవన్నీ కోప్పడాల్సిన విషయాలే. కానీ మన కోపం వీటి దగ్గరికి రాకముందే వెల్లుల్లి దగ్గర ఆగిపోయింది.

నా ప్రశ్న ఏం చేసిందో చెప్పి ముగిస్తాను. సాగర్ తర్వాత కూడా అమ్మ బస్సెక్కుతూనే ఉంది. కాకపోతే ఇప్పుడు ముందే ఫోన్ చేస్తుంది. "గుట్టకు పోతున్న బిడ్డా, మొక్కుంది" అంటుంది. ఒకసారి ఎవరికో బాగోలేదని, ఒకసారి ఎవరిదో గృహప్రవేశమని. మా ఇంట్లో అన్ని మొక్కులున్నాయని నాకెప్పుడూ తెలీదు. ఒక్కసారి 'ఊకనే' అని నిజం చెప్పినందుకు నేను కోప్పడ్డాను. అప్పట్నుంచి నా కోసం కారణాలు వెతుక్కుంటోంది.

ఈ ఆదివారం ఫోన్ చేసి, ఆ రోజు సాగర్‌లో నీళ్లెట్లున్నాయో అడగాలి. చాలా ఆలస్యంగా అడుగుతున్నానని తెలుసు.