సీమలో సెమిస్టరు: విద్యయా, విహారమా?

పూర్వము మన పెద్దలు సముద్రయానము చేసినవానికి ప్రాయశ్చిత్తము విధించిరి. నేడు వాణిజ్యవిద్య నభ్యసించు కుమారుడు ఒక్క సెమిస్టరైనను ఐరోపాలో గడపకున్న తలిదండ్రులు నామోషీ పడుచున్నారు. పోరాదనుట యెంత గ్రుడ్డితనమో, ఏల పోవుచున్నామో యెఱుగక పోవుటయు నంతే గ్రుడ్డితనము.

విదేశగమనమును నేను నిరసించుట లేదు. ఏర్పాటు మంచిదే. 1987లో ఐరోపావారు ఎరాస్మస్ అను పథకమును ప్రారంభించి, ఒక దేశపు విద్యార్థి మఱొక దేశమున కొంతకాలము చదివినను, ఆ చదువు స్వదేశమున లెక్కకు వచ్చునట్లు చేసిరి. అచ్చటి కొలతలో సెమిస్టరుకు 30 క్రెడిట్లు. మన దేశపు వాణిజ్యవిద్యాలయములు పెక్కు ఐరోపా విద్యాలయములతో ఇట్టి ఒడంబడికలు చేసికొన్నవి. 1973లో బెంగుళూరున నెలకొన్న ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మేనేజిమెంటు విద్యార్థులును ఒక టర్ము ఐరోపాకు పోయి వచ్చుచున్నారు. సాధారణముగా చదువు జీతము ఇచ్చటనే కట్టుదురు. విమానపు చార్జీ, గది అద్దె, భోజనము, వీసా మాత్రము తండ్రి తలపైని భారము.

మా చిక్కపేటలో ఒక పట్టుచీరల వర్తకుని కుమారుడు ఇట్లే ఫ్రాన్సుదేశపు లియాన్ నగరమున అయిదు నెలలుండి వచ్చెను. ధర్మవరపు నేతగాండ్రతో మూడు తరముల సంబంధము గల అంగడి వారిది. కుఱ్ఱవాడు నాయందలి గౌరవముతో ఫోనులోని ఫొటోలు చూపెను. పారిస్‌లోని ఈఫిల్ గోపురము, వెనిస్ పడవలు, రోము శిథిలములు, అన్నియు నున్నవి. “నాయనా, నీవు చదివిన లియాన్ ఏది?” అని యడిగితిని. “అక్కడ చూసేదానికి ఏముంది తాతా? సెలవు దొరికితే వేరే ఊళ్లకు పోతా ఉంటిమి” అనెను.

అచ్చట నేమున్నదో నేను చెప్పెదను. లియాన్ కొన్ని శతాబ్దములు ఐరోపా పట్టు నేతకు రాజధానివంటిది. మన నేతగాండ్రు మగ్గముపై బిగించు జకార్డు ఆ యూరివాడైన జోసెఫ్ మారీ జకార్డు పేరిట వెలసినది. 1804లో అతడు రూపొందించిన ఆ పరికరములో, రంధ్రములు పొడిచిన అట్టలు వరుసగా తిరుగుచు, ఏ పడుగుపోగు లేవవలయునో నిర్ణయించును. ధర్మవరపు చీర అంచున లతలు తీరుట ఆ అట్టల చలువయే. వానినుండియే చార్లెస్ బాబేజి తన గణనయంత్రమునకు ఆదేశము లిచ్చు ఉపాయమును గ్రహించెను. అనగా తన తాత అమ్మిన చీరకును, నేడు బెంగుళూరునకు అన్నము పెట్టుచున్న కంప్యూటరునకును ఆ యూరితో చుట్టరికము కలదు. అట్టి చోట అయిదు నెలలు కాపుర ముండి, చూచుట కేమియు లేదనుట యేమి చదువు?

ఇంకొక పాఠమును కలదు. వర్తకుడు పట్టు నిచ్చుట, నేతగాడు తన యింట నేసి కూలి గొనుట అను పద్ధతి ధర్మవరమున నున్నట్లే లియాన్‌లోను ఉండెడిది. 1831 అక్టోబరులో అచ్చటి నేతగాండ్రు కనీసపు కూలి రేట్లకు ఒడంబడిక సాధించిరి. కొందఱు వర్తకులు దానిని త్రోసిపుచ్చిరి. నవంబరులో తిరుగుబాటు చెలరేగి నగరమే నేతగాండ్ర వశమయ్యెను. డిసెంబరులో సైన్యము ప్రవేశించెను, ఒడంబడిక రద్దయ్యెను. ఆ నేతగాండ్ర నివాసమైన క్రువా రూస్ కొండ నేటికిని ఆ నగరముననే కలదు. కూలి తగ్గించి లాభము పెంచుకొనుటకు హద్దెక్కడ అను ప్రశ్న, చీరల వర్తకుని బిడ్డకు గాక మఱెవ్వరికి కావలయును?

“మెట్రిక్యులేషనుతో ఆగిన గుమాస్తాకు ఐరోపా చదువుల ఊసేల?” అందురు. నిజమే. కాని జీవితమంతయు పరుల సొమ్ముకు పద్దు వ్రాసినవాడను. ఖర్చున కెదురుగా ఏమి వచ్చినదో చూపుట నా వృత్తిధర్మము. లక్షలు ఖర్చు వ్రాసి, జమవైపున ఫొటోలు చూపినచో ఏ షావుకారు ఒప్పుకొనును?

“పరదేశీయులతో మెలగుట, ఒంటరిగా బ్రదుకుట, ధైర్యము, ఇవి జమ కావా?” అని మఱికొందఱి వాదము. జమయే. అయినను పెండ్లిండ్ల కాలమున చిక్కపేట అంగడిలో కూర్చున్నవాడు తెలుగు, కన్నడము, తమిళము, హిందీ భాషలలో బేరమాడుచు, ఒక్క దినములో ఎందఱి మనస్తత్వములనో చదువును. ఇచ్చట నేర్చినవానికే అచ్చటి భేదము తెలియును. చేత మొదటి వస్తువు లేనివాడు రెండవదానిని దేనితో పోల్చును?

తప్పు కుఱ్ఱవానిది కాదు. “ఈ అంగడి బ్రదుకు మాతోనే పోనీ” అని తండ్రి వానిని చిన్ననాటినుండి గడప త్రొక్కనీయలేదు. తాతగారి తెలుగు చిట్టా ఆవర్జాలు అటకపై చెదలపాలగుచున్నవి. వానిని చదువగలవారు ఆ యింట లేరు. నేడు “వానికి మన వ్యాపారమనిన గిట్టదు” అని తండ్రి వగచుచున్నాడు. రేపు ఆ అంగడి మూతపడినచో, దానిని నమ్ముకొన్న ధర్మవరపు మగ్గముల గతి యేమి?

కావున బిడ్డలను పంపు తండ్రులారా, ముందొక పెండ్లిండ్ల కాలము వారిని అంగడిలో కూర్చుండబెట్టుడు. ఒకమారు ధర్మవరమునకు పంపి మగ్గము చూపుడు. బయలుదేరునపుడు పెట్టెలో ఊరగాయతోపాటు ఒక ప్రశ్నయు పెట్టి పంపుడు: యంత్రము వచ్చిన పిమ్మట అచ్చటి చేతినేత యేమయ్యెను? మనది నిలుచు మార్గ మేది?

మన తెలుగు సంఘములకును ఒక మనవి. ప్రయాణమగు విద్యార్థికి పూలమాల వేసి చప్పట్లు కొట్టు ఆచారము మానుడు. తిరిగివచ్చి సభలో అరగంట తెలుగున తాను నేర్చినది చెప్పినవానికే మాల వేయుడు. పూలకు కొదువ లేదు. కృష్ణరాజేంద్ర మార్కెట్టు చిక్కపేటకు కూతవేటు దూరముననే యున్నది.