ఆశ్వయుజమున పెరటి పని

వర్షాకాలమంతయు యథేచ్ఛగా పెరిగిన పెరటిని, ఆశ్వయుజము రాగానే ఒక్క ఆదివారమున నున్నగా గొరిగించి, రాలిన ఆకులను ప్రహరీ మూలకు పోగుచేసి నిప్పంటించుటయే శుభ్రతయని మన గృహస్థులలో పెక్కుమంది భావించుచున్నారు. ఇది నాకు సమ్మతము కాదు. ఆ ఆకులనే గుంతలో పఱచి, పేడనీరు చల్లి, మట్టి కప్పి, అప్పుడప్పుడు తడుపుచుండినచో వేసవి నాటికి నల్లని ఎరువగును. కాల్చినవారికి మిగులునది పిడికెడు బూడిదయు, పొరుగింటివారి దగ్గును మాత్రమే.

కలుపు తీయుటయందును వివేకము వలయును. వయ్యారిభామను పూతకు రాకమునుపే, చేతులకు తొడుగులు వేసికొని, వేళ్లతో పెకలింపవలసినదే. గునుగును మాత్రము, అదియు చేలలో కలుపే యైనను, తెలంగాణపు లోగిళ్లలో బతుకమ్మ ముగియువఱకు ఉండనిచ్చుట మర్యాద.

విత్తుటకు పంచాంగముకంటె మేఘమే ప్రమాణము. నైరృతి ఋతుపవనములు వెనుదిరిగిన పిమ్మట తెలంగాణమున ధనియాలను బద్దలుగా నలిపి చల్లుటకును, క్యాబేజీ, కాలీఫ్లవరు నారు పోయుటకును అదను కుదురును. నెల్లూరు, చిత్తూరు సీమలలోనన్ననో, ఈశాన్య ఋతుపవనముల వానలు అక్టోబరు మొదలు డిసెంబరు వఱకు విడతలుగా కురియుచుండును గనుక, హైదరాబాదు బంధువులను చూచి తొందరపడి పల్లపు మడిలో చల్లిన మెంతులు మొలకెత్తుటకు మాఱు కుళ్లిపోవును. అచట జానెడు ఎత్తున మడి కట్టి, నీరు పోవుటకు కాలువ తీయుటయే ప్రథమ కర్తవ్యము. నారు 25 మొదలు 30 దినములలో నాటుటకు సిద్ధమగును; అంతలోపల చిక్కుడు పందిరి గుంజలు సరిచూచుకొనవచ్చును.