మీట లాగిన పిల్ల

1937 నాటి ఫ్రెంచి చిత్రం ‘లా మోర్ దు సిన్యె’లో నేరం చేసింది గూండా కాదు, బాలే నేర్చుకునే చిన్నపిల్ల. పారిస్ ఒపేరాలో చదివే రోజ్‌కి బోప్రే అనే నర్తకి అంటే ప్రాణం. రష్యా నుంచి వచ్చిన కరీన్ ఆమె స్థానానికి ఎసరు పెడుతుందేమోనని ఆ పిల్లకు దిగులు. ఒకరోజు కరీన్ నాట్యం చేస్తుండగా రోజ్ వేదికలోని దొంగతలుపు తెరుస్తుంది. కరీన్ కింద పడుతుంది. ఇక ఆమె ఆడలేదు.

అసలు కథ ఆ తర్వాతే. గురువుగా మారిన కరీన్ దగ్గరే రోజ్ నేర్చుకోవాలి. తాను ఎవరి కాళ్లు పోగొట్టిందో వాళ్లే తన అడుగులు దిద్దుతుంటే ఆ పిల్ల పడే నలుగుడు ముందు ఏ కోర్టు శిక్షా ఆనదు.

పాల్ మోరాఁ కథను తెరకెక్కించింది జాన్ బెన్వా-లెవీ, మారీ ఎప్‌స్టీన్. 1933లో పేద పిల్లల బడి మీద ‘లా మాటెర్నెల్’ తీసిందీ వీళ్లిద్దరే కాబట్టి పిల్లలను ముద్దుగా మాత్రమే చూపాలన్న మొహమాటం వీళ్లకు లేదు. ముఖ్య పాత్రధారులూ అసలు నర్తకులే. బోప్రేగా ఇవెట్ షోవిరే, కరీన్‌గా మియా స్లావెన్‌స్కా, రోజ్‌గా జనీన్ షారా. నృత్యాలు కూర్చింది సెర్జ్ లిఫార్. అందుకే సాధన దృశ్యాల్లో నటన వాసన తగలదు.

నా దృష్టిలో ఈ సినిమా వేలు చూపించేది ఒపేరా వ్యవస్థ వైపే. పసితనంలోనే చేర్చుకుని మెట్టు మెట్టుగా ఎక్కించే చోట పైమెట్టు మీద కొద్దిమందికే చోటు. ఒకరు దిగితేనే మరొకరు ఎక్కాలి. పెద్దలు నోరు విప్పి చెప్పకపోయినా ఆ లెక్క పిల్లకు ఎక్కింది. తనకోసం కాకుండా తాను ఆరాధించే మనిషి కోసం చేయడంతో ఆమెను అసహ్యించుకోవడం మనకు చేతకాదు.

1947లో హాలీవుడ్ ఈ కథనే ‘ది అన్‌ఫినిష్డ్ డాన్స్’గా రంగుల్లో తీసింది. మార్గరెట్ ఓబ్రయన్, సిడ్ చరీస్ నటించారు. అందులో పిల్ల ఉద్దేశం దీపాలు ఆర్పేయడమే. పొరపాటున దొంగతలుపు మీట లాగుతుంది. అంటే నేరం కాస్తా ప్రమాదమైంది. పిల్లను కాపాడబోయి కథ వెన్ను విరిచేశారు.