ఒక్క పోగును చదువుట

“మా బిడ్డకు ఈ జబ్బు ఎందుకు వచ్చింది? ఎవరి పాపము?” అని తల్లిదండ్రులు మమ్మును అడుగుతుంటారు. కొన్ని జబ్బులకు కారణం డి.ఎన్.ఎ.లో ఉంటుంది. నాలుగే అక్షరాలతో, దాదాపు 300 కోట్ల అక్షరాల పొడవున ఉన్న గ్రంథమది.

2003లో దానిని చదవడం ముగిసిందని ప్రకటించినా, ఇంచుమించు 8 శాతం మిగిలిపోయింది. పాత పద్ధతిలో పోగును చిన్న ముక్కలు చేసి, నకళ్లు తీసి, చదివి అతికేవారు. ఒకే మాట పదేపదే వచ్చేచోట ఏ ముక్క ఎక్కడిదో తెలిసేది కాదు.

ఇప్పుడు ఒక్క పోగునే సూక్ష్మ రంధ్రం గుండా పంపి, విద్యుత్తులో కలిగే మార్పును బట్టి అక్షరాలను గుర్తిస్తున్నారు. లక్ష అక్షరాలనైనా ఏకధాటిగా చదవవచ్చు. ఇటువంటి పొడవైన చదువుల వల్లనే 2022లో ఆ ఖాళీలు దాదాపు నిండాయి. 2015లో గినియాలో ఎబోలా ప్రబలినప్పుడు, అరచేతిలో ఇమిడే ఇటువంటి యంత్రముతోనే నమూనా అందిన 24 గంటలలోపే వైరస్‌ను చదివారు.

అయితే ఒక్క పోగు ఇచ్చే గురుతు బలహీనమైనది. ఒకే అక్షరం వరుసగా వచ్చేచోట లెక్క తప్పుతుంది. పెద్దల పాత చేతివ్రాతను రెండు మూడుసార్లు చూచి తేల్చుకొన్నట్లే, దీనినీ మరల మరల చదివి సరిపోల్చాలి.

అక్షరం చదవడం వేరు, అర్థం తెలియడం వేరు, మందు దొరకడం వేరు. పరీక్ష చేయించినవారు డాక్టరుగారితో మాట్లాడకముందే ఆశ గాని నిరాశ గాని పెంచుకొనవద్దు. అక్షరం మారడం తల్లి పాపము కాదు, తండ్రి పాపమూ కాదు.